ప్రాత యావిరి యింజను – క్రొత్త రైలుదారి



జూలూరుపాడు, కారేపల్లి, ఇల్లందు, కొత్తగూడెము ప్రాంతముల పెద్దలకు రైలుబండి క్రొత్త వస్తువు గాదు. మన యడవిసీమకు రైలు వచ్చినది మన ప్రయాణసౌఖ్యము కొఱకు గాదు, నేల కడుపులోని నల్లబొగ్గు కొఱకు. కొత్తగూడెమున నున్న స్టేషనునకు భద్రాచలము రోడ్డని పేరు పెట్టిరి. పేరు రామునిది, పని బొగ్గుది. ఆ పేరు నమ్మి దిగిన దూరదేశపు యాత్రికుడు స్వామిదర్శనమునకు ఇంకను రమారమి నలువది కిలోమీటరులు పోయి గోదావరి దాటవలయునని విని నివ్వెఱపోవుట మన మెఱిగిన వింతయే.

నేడు ముప్పది యేండ్ల లోపువారెవ్వరును మన దారిలో ఆవిరి యింజను బండిని లాగుచుండగా జూచినవారు కారు. చూచిన పెద్దలకు దానిపై మక్కువ తీరలేదు. అందుచేత రచ్చబండల కడ నొక మాట వినవచ్చుచుండును: “పట్టాలు అవియే, వాని నడిమి వెడల్పు అదియే, బొగ్గు మన కాళ్ల క్రిందనే యున్నది. ప్రాత యింజను నొకదానిని దెచ్చి యేడాది కొకమారైన పెద్దలైను మీద నడిపిన నేమి?” ప్రశ్న చక్కనిది. నడుపవచ్చునా యన్నచో నడుపవచ్చును. మన దేశమునను, పరదేశములలోను నడిపిరి, నడుపుచున్నారు. కాని యా “ఏమి?” యను చిన్నమాటలో నెంత పని యిమిడియున్నదో చెప్పుటకే నే నీ ప్రసంగమునకు బూనుకొంటిని. వెడల్పు మాఱకున్నను దారి మాఱినది.

1871వ సంవత్సరమున విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు సమీపమున బొగ్గుపొరలను గనుగొనెను. నిజాము రాజ్యపు రైలుదారి 1886లో వరంగల్లు చేరి, మఱి మూడేండ్లలో డోర్నకలు మీదుగా నొక కొమ్మ ఇల్లందునకును, మూలకాండము బెజవాడకును ప్రాకినది. త్రవ్విన బొగ్గును ముఖ్యముగా గొన్నవారు రైలువారే. బొగ్గు బండిని లాగెను; బండి బొగ్గును మోసెను. ఇట్లు ఒకదాని కొకటి తోడై నూఱేండ్లు గడచినవి.

మీలో నఱువది దాటినవారికి డబ్ల్యు.పి. తరగతి యింజను జ్ఞాపకముండును. ముక్కు కోసుగా మొనదేలి, దానిపై నక్షత్రము మెఱయుచుండెడిది. 1947లో అమెరికాదేశమునందలి బాల్డ్విను కర్మాగారమున మొదటివి తయారై మన దేశమునకు వచ్చినవి. పిదప చిత్తరంజను కర్మాగారమున మనవారే యింజనులు చేయ నేర్చిరి. బ్రాడ్‌గేజి దారికై చేసిన కడపటి యావిరి యింజను 1970లో అచ్చటనే పుట్టినది. దానికి ‘అంతిమ్ సితారా’ యని, అనగా కడపటి చుక్క యని, పేరిడిరి. 1995 డిసెంబరు 6వ తేదీన పంజాబులో ఫిరోజ్‌పూరు – జలంధరుల నడుమ నడచిన బండితో బ్రాడ్‌గేజి మీద నావిరి యింజనుల నిత్యసేవ ముగిసెను.

అప్పుడు పోయినది యింజను మాత్రమే కాదు. స్టేషను చివర నేనుగు తొండమువలె వ్రేలాడుచు నింజనునకు నీరు పోయు పెద్దగొట్టము పోయినది. బొగ్గు నింపు దిబ్బ, బూడిద రాల్చు గుంట, ఇంజనును వెనుకకు ముందునకు ద్రిప్పు గుండ్రని తిరుగుడు వంతెన పోయినవి. బాయిలరు రేకులను గొట్టి యతుకు కమ్మరులు, గొట్టములు తోము కూలీలు, రాత్రియెల్ల నిప్పు కాపాడు కావలివారు, వీరందఱు వేఱు పనులలో గలసిపోయిరి, లేదా పింఛను పుచ్చుకొనిరి. నెల్లూరు సీమలోని బిట్రగుంట యిందులకు దృష్టాంతము. అచ్చటి ఇంజనుల షెడ్డు దక్షిణదేశమున బేరెన్నికగన్నది. ఆవిరి పోయి డీసెలు, విద్యుత్తు వచ్చుటతో షెడ్డు చల్లారినది. షెడ్డుతో నూరును చల్లారినది. కావున ఇంజను నొకదానిని మరల నడుపుట యన్నచో ఆ పోయిన పరివారము నంతయు, కొంత యైనను, మరల గూర్చుకొనుట యని గ్రహింపవలయును.

ఈ పరివార మెందులకని యెవరైన నడుగవచ్చును. విద్యుత్తు యింజనును మీట నొక్కిన కదలించవచ్చును. ఆవిరి యింజను అట్టిది గాదు. రేపు బండి నడువవలె నన్నచో నేడే పొయ్యి రాజవేయవలయును. ముందుగా బాయిలరులో నీరు నింపి, నూనెగుడ్డలతోను కట్టెలతోను చిన్నమంట చేసి, కొంచెము కొంచెముగా బొగ్గు వేయుదురు. త్వరపడరాదు. నిప్పుగది గోడలును వెలుపలి రేకులును వేలకొలది మేకులచే గూర్పబడియుండును. ఒక వైపు వేగముగా వేడెక్కి, మఱియొక వైపు చల్లగా నుండిన లోహము సమముగా సాగక మేకులు విఱుగును, అతుకులు కాఱును. డబ్ల్యు.పి. యింజనులో నావిరి యొత్తిడి చదరపు టంగుళమునకు 210 పౌనుల వఱకు ఎక్కును. అంత యొత్తిడిని బంధించిన పాత్ర మన యింటి కుండవంటిది కాదు.

ఆ పాత్రలో నొక మర్మస్థాన మున్నది. నిప్పుగది పైకప్పు మీద నెల్లప్పుడు నీరు నిలిచియుండవలయును. క్రింద మంట, పైన నీరు. నీ రున్నంతసేపు ఆ రేకు వేడిని నీటి కిచ్చి తాను నిలుచును. నీరు తఱిగి రేకు బయటపడెనా, కొలదిసేపటిలో నెఱ్ఱగా గాగి, మెత్తబడి, యొత్తిడికి లొంగి చిరిగిపోవును. అప్పుడు బాయిలరంతయు ఫిరంగి వలె ప్రేలును. అందులకే యా కప్పులో సీసము నింపిన బిరడా నమర్తురు. నీరు తఱిగినచో ముందుగా సీసము కరగి, యా రంధ్రమునుండి యావిరి బుసకొట్టుచు దిగి, డ్రైవరును హెచ్చరించును. డ్రైవరు కన్నులెదుట గాజుగొట్టములో బాయిలరు నీటిమట్టము కానవచ్చుచుండును. ఆ గాజుమీదనుండి చూపు మఱలింపని వాడే డ్రైవరు.

ఇక నంతటి యొత్తిడిగల పాత్రలోనికి క్రొత్తనీరు పోవు టెట్లు? ఇది నేను బడిలో పిల్లలకు దఱచుగా వేసిన ప్రశ్న. 1858లో జిఫార్డు అను ఫ్రెంచి యింజనీరు దీనికి చిత్రమైన యుపాయము గనిపెట్టెను. బాయిలరులోని యావిరినే సన్నని మూతిగుండ వేగముగా వదలినచో నది చల్లని నీటిని తాకి తానును నీరై, ఆ వేగమంతయు నీటికిచ్చును. ఆ వేగముతో నీరు మరల నదే బాయిలరులోనికి జొరబడును. తన యూపిరితో తన దప్పిక తానే తీర్చుకొనుట యన్నమాట. ఈ యుపకరణమును ఇంజెక్టరందురు. అది యొక్కొక్కప్పుడు మొండికెత్తును. అప్పుడు దానిని దారికి దెచ్చుట పుస్తకము చూచి నేర్చునది గాదు.

ఫైర్‌మేను పని యట్టిదే. పార పట్టి బొగ్గు విసరుట బలమున్న వారికెల్ల సాధ్యమని తోచును. కాని నిప్పుపొర యొకచోట దట్టముగను, ఒకచోట పలుచగను ఉన్నచో చలిగాలి రంధ్రము చేసికొని లోనికి వచ్చును, ఆవిరి పడిపోవును. మంచి ఫైర్‌మేను కొంచెము కొంచెముగా, తఱచుగా, చూచిన చోటనే పడునట్లు వేయును. పొగగొట్టము వంక నొకసారి చూచి, నల్లని పొగ యైన బొగ్గు వృథాయగుచున్నదనియు, లేబూడిదరంగైన నిప్పు సరిగా నున్నదనియు నెఱుగును. ముందున్న యెగుడుదారి రాకపూర్వమే నిప్పు పెంచును. దిగుడుదారి రాకపూర్వమే తగ్గించును. 1995లో నిరువదియైదేండ్ల ఫైర్‌మేను నేడు ఏబదియైదు దాటినవాడు. అప్పటికే నలువదియైదేండ్ల డ్రైవరు నేడు బ్రదికియున్నచో డెబ్బదియైదేండ్ల వృద్ధుడు. ఇంజనును రంగు వేసి స్టేషను ముందు నిలిపిన నది యింకొక నూఱేండ్లు నిలుచును. ఈ చేతులు నిలువవు. నా చింత యంతయు నిచ్చటనే యున్నది.

మన దేశమున ఈ పనికి బూనుకొన్నవారు లేకపోలేదు. ‘ఫెయిరీ క్వీన్’ అను చిన్న యింజను 1855లో ఇంగ్లాండులోని లీడ్సు పట్టణమున బుట్టి, ఈస్ట్ ఇండియన్ రైలుకంపెనీకి జేరి, 1909 వఱకు పని చేసెను. పిదప బహుకాలము బొమ్మవలె నిలిచి, 1997లో మరల రాజవేయబడి, ఢిల్లీ – అల్వారుల నడుమ యాత్రికులను మోసినది. నిత్యము నడచు ఆవిరి యింజనులలో ప్రపంచమున నిదియే మిక్కిలి ప్రాచీనమని 1998లో గిన్నిస్ పుస్తకమువారు గుర్తించిరి. దీని తోబుట్టువే ‘ఎక్స్‌ప్రెస్’ అను నామము గల యీ.ఐ.ఆర్. 21 సంఖ్య యింజను. అదియు 1855 నాటిదే. నూఱేండ్లు కదలక యున్న దానిని మద్రాసు పెరంబూరులోని లోకో వర్క్స్ పనివారు 2010లో మరల నడిపించిరి. పెరంబూరు కర్మాగారము 1856 నాటిది. ఆ పేట మన తెలుగువారు కూడ బొగ్గుమసి పూసికొని బ్రదికిన చోటు.

హర్యానాలోని రేవాడిలో 1893 నాటి ఆవిరి యింజనుల షెడ్డు నేటికిని సజీవముగా నిలిచియున్నది. అచ్చట డబ్ల్యు.పి. యింజనులు గలవు, సినిమాలకును, యాత్రలకును వానిని రాజవేయుదురు. నీలగిరి కొండదారికై తిరుచునాపల్లి పొన్మలై కర్మాగారమువారు 2011 మొదలుగా క్రొత్త యావిరి యింజనులనే చేసిరి. అది కొండదారి గాని పెద్దలైను కాదు. అయినను విద్య పూర్తిగా నశింపలేదని చెప్పుటకు సాక్ష్యము చాలును.

ఫెయిరీ క్వీన్ కథలో నొక చేదుముక్క యున్నది. 2011లో షెడ్డులో నిలిపిన యా యింజను భాగములను దొంగ లెత్తుకొనిపోయిరి. ప్రపంచఖ్యాతి గన్న యింజను పాతయినుపసామాను క్రింద బోయినది. దానిని మరల పెరంబూరువారే బాగుచేయగా 2017లో దారి కెక్కినది. నడుచు నింజనునకు డ్రైవరు వలయును. నిలిచిన యింజనునకు కావలివాడు వలయును. రెండవవానిని మఱచుట మన దేశాచారము.

బ్రిటిషువారి యనుభవము మనకంటె విరివియైనది గనుక దానిని కొంత చెప్పెదను. అచ్చట పెద్దలైను మీద నావిరి 1968 ఆగస్టు 11వ తేదీతో ముగిసెను. ఆ మఱునాటి నుండి ప్రాత యింజనులకు బెద్దలైనుపై నిషేధము విధించిరి. ఒక్క ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ యింజనునకు మాత్రము, దానిని 1963లో మూడువేల పౌనులకు గొన్న యలన్ పెగ్లరు ముందుగానే యొడంబడిక వ్రాయించుకొనుటచే, వెసులుబాటు దొరికెను. 1971 అక్టోబరులో నిషేధము సడలి, కొన్ని దారులలో మాత్ర మిట్టి యింజనులను నడుపనిచ్చిరి.

ఆ పెగ్లరుకు మొదట నెదురైన చిక్కు నీరు. వెనుకటి కాలమున నా దేశమున పట్టాల నడుమ పొడవైన నీటితొట్లు గట్టి, పరుగెత్తుచున్న యింజనే గరిటె దించి నీరు ముంచుకొనునట్లు చేసియుండిరి. ఆవిరి పోవుటతో తొట్లను బెఱికివైచిరి. పెగ్లరు 1966లో కేవలము నీటి కొఱకే రెండవ టెండరును గొని యింజను వెనుక తగిలించెను. 1968 మే 1వ తేదీన లండను నుండి ఎడింబరో వఱకు 392 మైళ్లు ఆ యింజను నిలువక పోయినది. తరువాత దానిని అమెరికాకు గొంపోయి, 1972 నాటికి పెగ్లరు దివాలా తీసెను. సర్ విలియం మెకాల్పైను అను నతడు 1973లో దానిని స్వదేశమునకు మరలించెను. నేడు అది యచ్చటి జాతీయ రైలు మ్యూజియము సొత్తు. 2016లో ముగిసిన మరమ్మతుకు నలువదిరెండు లక్షల పౌనులు వ్యయమైనవి. ఇక నిప్పటి కాలమున నీరు రోడ్డు మీద ట్యాంకరులలో వచ్చి, యింజను నిలుచు చోట గాచుకొని యుండును.

మన దారిలో నీటికి మించిన చిక్కొకటి యున్నది. తలపైన తీగ. కాజీపేట – విజయవాడ దారి మీద 25,000 వోల్టుల విద్యుత్తు పాఱుచుండును. ఆ తీగను ముట్టనక్కఱలేదు. రెండు మీటరుల లోపలికి పోయినను ప్రాణాపాయము. ప్రాతకాలపు ఫైర్‌మేను బొగ్గును ముందునకు ద్రోయుటకు టెండరు మీది కెక్కెడివాడు. నీరు నింపునపుడు మూత తెఱచుట కెక్కెడివాడు. ఇరుచేతుల పొడవైన యినుపకడ్డీతో నిప్పు కదలించుచు దానిని పైకెత్తెడివాడు. ఈ మూడు పనులును నేడు తీగ క్రింద మృత్యువుతో జెలగాటము. అందుచే నీరు క్రిందినుండి గొట్టముద్వారా పట్టవలయును, లేదా తీగలో విద్యుత్తు నాపించి, ఆపిరని వ్రాతమూలముగా దెలిసికొని, పిమ్మట నెక్కవలయును. అలవాటు పడిన ప్రాతచేయికి ఈ నియమము నేర్పుట క్రొత్తచేయికి నేర్పుట కంటె కష్టము.

తరువాత బ్రేకులు. ఆవిరినాటి బండ్లను గాలి తీసి నిలిపెడివారు. నేటి పెట్టెలు గాలి నింపిన యొత్తిడితో నిలుచును. ప్రాత యింజనునకు క్రొత్త గాలిపంపు నమర్పక క్రొత్త పెట్టెలను దగిలింప వీలులేదు. యీ.ఐ.ఆర్. 21కి పెరంబూరువారు గాలిబ్రేకు లమర్చినది ఇందులకే.

పట్టాల సంగతి యంతగా లోకమునకు దెలియదు. విద్యుత్తు మోటారు గుండ్రముగా, సమముగా దిరుగును. ఆవిరి యింజనులో ముషలకము, అనగా పిస్టను, ముందునకు వెనుకకు నూగుచు, బరువైన కడ్డీలచే చక్రమును ద్రిప్పును. ఆ కడ్డీల యూపును సరితూచుటకు జక్రమునకు నొకవైపున ఇనుపముద్ద నతుకుదురు. ఆ ముద్ద చక్రము తిరిగిన ప్రతిసారియు సమ్మెట వలె బట్టాను మోదును. వేగము రెండింతలైన మోదు నాలుగింతలగును. ప్రాతవంతెనల మీద నిట్టి యింజనులకు వేగము నిర్ణయించుట డాంబికము కాదు, గణితము.

వేగము మాట వచ్చినది గనుక చెప్పెదను. ఫెయిరీ క్వీన్ గంటకు నలువది కిలోమీటరులకు మించి పోదు. కాజీపేట – కొండపల్లి దారిలో 2022 సెప్టెంబరు నుండి గంటకు 130 కిలోమీటరుల వేగమున కనుమతి నిచ్చిరి. ముందు నెడ్లబండి, వెనుక మోటారుకారు, ప్రక్కకు దొలగ జోటులేని యిఱుకుసందు. ఆ ముసలి యింజను వెనుక నెన్ని యెక్స్‌ప్రెసు బండ్లు, ఎన్ని బొగ్గుబండ్లు నిలుచునో యోచింపుడు. ఒకనాటి వేడుక కొఱకు వేయిమంది రోగులను, ఉద్యోగులను, విద్యార్థులను దారిలో నిలుపుట నాకు సమ్మతము కాదు.

అన్నిటికంటె పెద్దది సిగ్నలు. ఈ విషయమున నొక యుదంతము మన పెద్దలు వినదగినది. 2015 మార్చి 7వ తేదీన ఇంగ్లాండులో వూటన్ బాసెట్ అను జంక్షను కడ ‘టాంగ్‌మియర్’ అను నావిరి యింజను యాత్రికుల బండిని లాగుకొని పోవుచుండెను. దాని కప్పటికే స్వయముగా బ్రేకు వేయు రక్షణయంత్ర మమర్చియుండిరి. దారిలో నొక హెచ్చరికకు డ్రైవరు సకాలమున బదులీయకపోవుటచే నా యంత్రము తనంత తానే బ్రేకు వేసెను. బండి నిలుచునేమో యని డ్రైవరును, ఫైర్‌మేనును ఏమి చేసిరి? యంత్రము కుళాయిని మూసివైచిరి. యంత్రము మూగవోయినది. ఆ సందడిలో ముందరి హెచ్చరిక సిగ్నలు కానరాలేదు. ఎఱ్ఱసిగ్నలు కనబడునప్పటికి గాలము మించినది. బండి దానిని దాటి అర కిలోమీటరు దూరము పోయి, సరిగా జంక్షను మీద అడ్డముగా నిలిచెను. వేఱొక వేగపుబండి యా స్థలమును దాటి యొక్క నిమిషమైన గాలేదు. దైవికముగా నెవ్వరికిని దెబ్బ తగులలేదు. ఆ బండ్లను నడుపు సంస్థను కొంతకాలము దారి కెక్కనీయలేదు. పిదప న్యాయస్థానము జరిమానా విధించెను.

ఇందులో నింజను దోషమెంత? నాకు దోచినంతవఱకు సున్న. బాయిలరు బాగున్నది, బ్రేకు బాగున్నది, రక్షణయంత్రము తన పని తాను చేసినది. ప్రాత బండిలో బోవుచున్నాము గనుక క్రొత్త నియమము మనకు గాదను భావము మనస్సులో జొరబడినది. పెద్దలైను మీద బ్రాతవస్తువునకు మర్యాద గలదు గాని మినహాయింపు లేదు.

మన దేశమున నిట్టి రక్షణయంత్రమునకు ‘కవచ్’ అని పేరు. మన దక్షిణమధ్య రైల్వేయే దీని పరీక్షాక్షేత్రము. 2022 మార్చి 4వ తేదీన వికారాబాదు సీమలోని గుల్లగూడ – చిటిగిడ్డ స్టేషనుల నడుమ, ఒకే పట్టాపై నెదురెదురుగా రెండు బండ్లను నడిపించి, అవి తామే యాగుట చూపించిరి. ఇట్టి దారిపై నడువవలయు నన్నచో ముసలి యింజనునకును కవచ ముండవలయును. బ్రిటనులో ‘టొర్నాడో’ యని 2008లో క్రొత్తగా జేసిన యావిరి యింజను గలదు. దానికి నేటి గణకయంత్రపు సిగ్నలు పద్ధతి నమర్చు పని చేపట్టిరి. మసి, వేడి, అదురు గల చోట నా సున్నితపు పెట్టెలు నిలుచుట కష్టమే. కష్టమని మానినచో నింజను మ్యూజియములో నుండవలయును. వేఱు మార్గము లేదు.

ఇన్ని క్రొత్తవి తగిలించిన తరువాత నది ప్రాత యింజనేనా యని యాక్షేపించువారు గలరు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ బాయిలరు మొదలు ననేకాంగములు పలుమారులు మాఱినవి. నాగసేన భిక్షువు మిలిందరాజును రథ మెక్కడ నున్నదని యడిగిన కథ మీరు వినియుందురు; చక్రము రథము గాదు, ఇరుసు రథము గాదు. తార్కికులు దీనిమీద రాత్రులు వెళ్లబుచ్చవచ్చును. నాకు మాత్రము ఇంజను ప్రాచీనత యినుములో నున్నట్లు తోచదు. దానిని రాజవేయు పద్ధతిలో నున్నది. ఆ పద్ధతి తెలిసినవాడున్నచో క్రొత్త బాయిలరైనను ప్రాత యింజనే. లేనిచో ప్రాత బాయిలరును పాతసామానే.

బొగ్గు సంగతి మనకు సంబంధించినది. బ్రిటనులో లోతుగనులలో గడపటిదైన కెల్లింగ్లీ 2015లో మూతపడెను. ఆవిరి యింజను పుట్టిన దేశమువారు నేడు దానికి బొగ్గు పరదేశములనుండి తెప్పించుకొనుచున్నారు. మన కాళ్లక్రింద బొగ్గున్నది గదా యని మనము గర్వపడవచ్చును. కాని నేడు గనిలో బొగ్గును యంత్రములు నలుగగొట్టి విద్యుత్కేంద్రములకు బంపును. ఇంజను పొయ్యికి పొడి పనికిరాదు. ఆవిరి విసురునకు కాలకయే పొగగొట్టమున లేచిపోవును. పిడికిలంత గడ్డలు, బూడిద తక్కువైనవి, ఏఱి పెట్టవలయును. రెండు వ్యాగనుల బొగ్గును చేతితో నేఱుట సింగరేణి వంటి సంస్థకు భారము గాదు, కాని యడుగువాడుండవలయును.

ఇక నా యభిప్రాయము. కాజీపేట – విజయవాడ మూలదారి మీద నావిరి యింజనును నడుపవలదు. డోర్నకలు నుండి కారేపల్లి మీదుగా కొత్తగూడెము పోవు మన కొమ్మదారి మీద, బొగ్గుబండ్ల కడ్డము రాని వేళ చూచి, ఏడాదికి రెండు దినములు నడుపవచ్చును. వెనుక నొక డీసెలు యింజనును దగిలించి యుంచవలయును. బ్రిటనులో నట్లు చేయుదురు. అది చిన్నతనము గాదు, చూడవచ్చినవారు దారిలో జిక్కుకొనకుండ జేయు నుపాయము. అంతకంటె ముందు చేయవలసినది వేఱు. 1893లో స్థాపింపబడిన లాలాగూడ కర్మాగారము వంటి చోట నొక చిన్న యింజనును రాజవేసి, ప్రాంగణములోనే యటు నిటు నడుపుచు, వృద్ధులైన డ్రైవరులను పిలిచి, పడుచువారిచేత పార పట్టించవలయును. ఇది మొదటి మెట్టు. దీనికి వ్యయము స్వల్పము. బాయిలరును ముందుగా నావిరితో గాక చల్లని నీటి యొత్తిడితో పరీక్షింపవలయును. నీరు నొక్కుకొనదు గనుక లోపమున్నచో నీరు కాఱును గాని ప్రేలుడు పుట్టదు. ఇట్టి పరీక్షకు నిలువని యింజనును రంగువేసి చెట్టునీడ నిలుపుటయే దానికి జేయు గౌరవము.

ఎన్నడైన నట్టి బండి మన దారికి వచ్చినచో గ్రామపెద్దల పని యొకటి గలదు. 2016లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ మరల దారి కెక్కిన క్రొత్తలోనే జనులు పట్టాలమీదికి వచ్చుటచే దానిని నడుమ నిలుపవలసి వచ్చెను. 2024 జూనులో మెక్సికో దేశమున, కెనడా నుండి వచ్చిన ‘ఎంప్రెస్’ అను నావిరి యింజనును సెల్‌ఫోనులో బొమ్మ తీసికొనుచు, పట్టా ప్రక్కను మోకరిల్లిన యొక స్త్రీ తల కది తగిలి మరణించెను. ఇంజను పట్టాల కంటె వెడల్పని, ప్రక్కలకు మూరల కొలది పొడుచుకొని యుండునని, మెల్లగా వచ్చుచున్నట్లు కనబడినను వెంటనే నిలువలేదని పిల్లలకు ముందుగా దెలుపవలయును. పదునైదు బారల దూరమున నిలిచిన దానిని చక్కగా జూడవచ్చును. కూత యింకను చక్కగా వినవచ్చును.

మీ యూళ్లలో డోర్నకలు, కాజీపేట, బెజవాడ షెడ్డులలో ఫైర్‌మేనుగానో, బాయిలరు కమ్మరిగానో పనిచేసి వచ్చినవారున్నచో వారిని కూర్చుండబెట్టి యడిగి వ్రాసికొనుడు. ఏ గని బొగ్గు బాగుగా మండెడిది, ఏ యెగుడులో చక్రములు జాఱగా నిసుక వదలెడివారు, వానలో తడిసిన బొగ్గును నిప్పుమీద నెట్లు పఱచెడివారు, ఇంజెక్టరు మొండికెత్తినపుడు దానిమీద తడిగుడ్డ వేయుట నిజమేనా, గాజుగొట్టము పగిలినపుడు ముందుగా నే కుళాయి మూసెడివారు. మనుమల నోటుపుస్తకములో వ్రాయించినను జాలును. తేదీలు, ఇంజను సంఖ్యలు వారికి జ్ఞాపకమున్నంతవఱకు తప్పక వేయింపుడు.